నేల దగ్గరి గాలి

మా అత్త పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను అడిగిన మొదటి మాట, "తట్టి మీద కాయలుండాయా?" రెండో మాట, "నిప్పు ఎవురు సూస్తాండారు?" ఈ రెండు మాటలూ ఇప్పుడు మా బంధువులందరికీ కంఠతా వచ్చు. ఆళ్లగడ్డలో తెలుసు, కోయిలకుంట్లలో తెలుసు, చర్చిలో చివరి బెంచీలో కూర్చుని ప్రసంగమంతా గుసగుసలాడే ఆడవాళ్లకూ తెలుసు. మేనత్త చనిపోయిందంటే మిరపకాయల గురించి అడిగిన పిల్లను నేను. నాకు గుండె లేదని మా ఇంట్లో ఎప్పటినుంచో ఒక అనుమానం ఉంది. దానికి ఇప్పుడు రుజువు దొరికింది.

ఎందుకు అడిగావని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. అత్త కొట్టంలో గుంట రాజుకుని ఉండగా, పైన కాయలు పరిచి ఉండగా, ఆ నిప్పు సంగతి తెలియని చెయ్యి దాని మీద పడితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. "నీళ్లు పోయొద్దని అన్నకు సెప్పుమా" అని కూడా అన్నాను. అప్పటికే అమ్మ ఫోన్ పెట్టేసింది. "ఏడుస్తాదేమోనని ఇంటాండా. కాయలంట, నిప్పంట" అని తర్వాత అందరికీ చెప్పింది.

మీలో చాలామందికి పొగకారం తెలిసి ఉండదు. ఎండు మిరపకాయలను అలాగే దంచితే వచ్చేది మామూలు కారం. అవే కాయలకు మంట లేని నిప్పు మీద రోజుల తరబడి పొగ పట్టించి దంచితే వచ్చేది వేరే వస్తువు. నాలుక మీద కారం కంటే ముందు పొగ తగులుతుంది, ఆ వెనక మెల్లగా మంట వస్తుంది. మా పెరట్లో మట్టిగోడల కొట్టం ఉంది. దాని మధ్యలో మోకాలి లోతు గుంట. అత్త తుమ్మ మొద్దులను బయట కాల్చి, ఆ నిప్పులు గుంటలో పోసి, పైన వరి ఊక కప్పేది. ఊక భగ్గున మండదు, కుములుతుంది. గుంట మీద నాలుగు గుంజలకు కట్టిన వెదురు తట్టి, తట్టి మీద కాయలు. తలుపు గట్టిగా మూసెయ్యాలి, పొగ లోపలే తిరగాలి. ఎక్కడైనా మంట లేస్తే పిడికెడు బూడిద చల్లాలి. నీళ్లు మాత్రం పోయకూడదు. పోస్తే ఆవిరి లేచి కాయలు తడిసి బూజు పడతాయి. "తెల్లపొగ తడి. సన్నంగా నీలంగా లేస్తే అది పొగ" అనేది అత్త. ఆ రంగు తేడా నాకు కనబడటానికి ఒక ఎండాకాలమంతా పట్టింది.

నేను నంద్యాలలో బస్సెక్కి, శిరివెళ్ల దాటి, ఆళ్లగడ్డలో దిగి, మా సందు మలుపు తిరిగేసరికే వాసన తగిలింది. అది పొగ వాసన కాదు. మాడిన కాయ.

జరిగింది ఇది. అత్త కొట్టం ముందు పీట మీద కూర్చునే ప్రాణం వదిలింది. ఆమెను తెచ్చి వరండాలో మంచం మీద పడుకోబెట్టారు. చూడటానికి వచ్చేవాళ్లకు పొగ ఇబ్బందని అన్న కొట్టం తలుపు తీసి, తట్టిని అవతలికి లాగాడు. గుంజ ఊడి, సగం కాయలు నిప్పుల్లో పడ్డాయి. అన్న బెదిరిపోయి బిందెడు నీళ్లు కుమ్మరించాడు. ఆ ఘాటంతా ఆవిరితో కలిసి నేరుగా వరండాలోకి వచ్చింది.

నేను గేటు తీసేసరికి మా ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. నాయన తువ్వాలుతో ముక్కు చీదుతున్నాడు. అమ్మ కొంగు కళ్లకు అదుముకుని ముందుకు వంగిపోయింది. ఏళ్ల తరబడి అత్త గడప తొక్కని ఆమె అత్తింటి కోయిలకుంట్ల వాళ్లు కూడా చెంపలు కారిపోయేలా ఏడుస్తున్నారు. పాస్టర్ గారు బైబిలు తెరిచి, "చూడండి, ఈ అక్కగారు ఎన్ని హృదయాలను..." అని మొదలుపెట్టి, దగ్గు తెరలు ఆగక జామచెట్టు దాకా పోయి నిలబడ్డారు. ఇంతమందిలో మంచం మీద అత్త ఒక్కతే నిమ్మళంగా ఉంది. "నేను సచ్చిన్నాడు నాలుగు కాయలు నిప్పుల్లో ఎయ్యండే. ల్యాకుంటే ఒక్కరి కంట్లో సుక్క రాదు" అని ఆమె నాతో ఒకసారి అంది. ఆమె కోరిన పనిని మా అన్న తెలియకుండానే చేసిపెట్టాడు.

నాకు మాత్రం కన్నీళ్లు రాలేదు. ఆ ఘాటు నాకు అలవాటు. అదీ లెక్కలోకి వచ్చింది. "సూడు, అందురూ ఏడుస్తాంటే ఈమెకు కన్ను సెమ్మగిల్లల్యా" అంది కోయిలకుంట్ల నుంచి వచ్చిన ఒకావిడ, ముక్కు తుడుచుకుంటూ.

సమాధి దగ్గర నుంచి తిరిగి వచ్చి స్నానాలు చేశాక నాయన కొట్టం మాట ఎత్తాడు. "కొట్టం పెద్దోనికి ఇడుస్తా. వాని పెండ్లాం నేర్చుకుంటాది. అహోబిలం జీపులోళ్లు, ఓటేళ్లోళ్లు పొడి అడగతానే ఉంటారు."

"నాకియ్యి నాయనా" అన్నాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వారు. అన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు. "బడిలో టీచరన్నావ్, ఇడిసిపెడ్తివి. బ్యాంకు కోచింగన్నావ్, ఇడిసిపెడ్తివి. ఇప్పుడు ఆడేందో రక్తపరీక్షల కాయితాలు టైపు కొడ్తాండావ్, అదెప్పుడు ఇడుస్తావో దేవునికే తెల్సు. నిప్పు ముందర కుదురుగా కూసోవాల మే. కుర్చీ మార్చుకున్నట్ల కాదు."

అన్న చెప్పింది నిజమే. నేను దేనిలోనూ నిలవలేదు. కానీ నాకు పొడి మీద ఆశ లేదు. ఆ కొట్టం ఎవరి చేతిలో ఉంటుందన్నదే నాకు ముఖ్యం. ఎందుకో చెప్పాలంటే అత్త ఆ కొట్టంలో ఇంకా ఏం చేసేదో చెప్పాలి. ఆమె అందులో పిల్లలకు పొగ పెట్టేది.

మా వైపు ఇది వినని మాట కాదు. అల్లరి చేసే పిల్లను "మిరపకాయ పొగ పెడతా" అని బెదిరించని ఇల్లు తక్కువ. చాలా ఇళ్లలో అది బెదిరింపు దగ్గరే ఆగిపోతుంది. మా ఇంట్లో కొట్టం ఉంది, గొళ్లెం ఉన్న తలుపు ఉంది, అత్త ఉంది.

నేను చిన్న తరగతుల్లో ఉన్నప్పుడు, ప్రార్థన కూడికకు వచ్చిన పెద్దల ముందు, "అత్త ప్రార్థనలో నిద్రపోతాది, ఆమెన్ అనేటప్పుడు లేస్తాది" అన్నాను. అది నిజం. నేను కళ్లు మూసుకోకుండా చూసేదాన్ని కాబట్టి నాకు తెలుసు. వచ్చినవాళ్లు నవ్వారు. అత్త కూడా నవ్వింది. అందరికీ టీలు ఇచ్చింది, గ్లాసులు తీసింది, గేటు దాకా సాగనంపింది. తిరిగొచ్చి నా జడ చేతికి చుట్టుకుని కొట్టంలోకి తీసుకుపోయింది. గుంట పక్కన నిలబెట్టి, జడ పట్టుకుని తల పైకి ఎత్తి, తట్టి మీది నుంచి రెండు కాయలు తీసి నిప్పుల్లో వేసింది. తను బయటికి వచ్చి తలుపు మూసింది. ఏమైందో వర్ణించను. గొంతులోకి గాలి కాకుండా ముళ్లకంప పోతున్నట్టుంది అంటే చాలు.

ఆ తలుపు అవతల అమ్మ అంట్లు తోముతోంది. నా కేకలు వింది. ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ స్పష్టంగా వినబడుతుంది: "వదినా, ఇప్పుడే దానికి తలకు పోసినా. ఎంటికలన్నీ మళ్లా పొగ వాసనొస్తాయి."

అంతే. ఆమె అభ్యంతరం అంతవరకే.

అత్త గురించి రాస్తూ అమ్మను ఇందులోకి లాగుతున్నానని మీరు అనుకోవచ్చు. లాగక తప్పదు. అత్త చిన్న వయసులోనే భర్త పోయి కోయిలకుంట్ల నుంచి పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటికి ఇంట్లో ఆమెకు గది లేదు, మంచం లేదు, వంటింట్లో మాట లేదు. పెరటి కొట్టం ఒక్కటే ఖాళీగా ఉంది, అది ఇచ్చారు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగనందుకు బదులుగా ఆ కొట్టంలో ఏం జరిగినా ఎవరూ తొంగిచూడలేదు. నాయన పొలం వాటా ఆమెకు ఇవ్వకుండా మిగుల్చుకున్నాడు. అమ్మ వంటిల్లు మిగుల్చుకుంది. అత్తకు మేం మిగిలాం.

ఆమెను మంచిదని నేను చెప్పను. చర్చిలో ఆమె కారం అంటిన చేత్తో కరచాలనం చేస్తే తమ చేతిని ఎవరూ కాసేపు ముఖానికి తగలనిచ్చేవాళ్లు కాదు. అది తెలిసి, తనకు నచ్చనివాళ్ల చేతిని ఇంకొంచెంసేపు పట్టుకునేది. లావుగా ఉన్న అమ్మాయికి పెళ్లి కుదిరిందంటే, "పిల్లోడు గట్టోడేనా, మోస్తాడా?" అని ఆ అమ్మాయి ముందే అడిగేది. మా పక్కింటి ముసలాయన చనిపోయినప్పుడు పలకరించడానికి వెళ్లి, "పోనీలే అక్కా, గురక బాధ తప్పింది నీకు" అని వచ్చింది. ఆ పక్కింటావిడ ముందు బిత్తరపోయి, తర్వాత నవ్విందట. ఆ నవ్వినందుకు ఆమె పిల్లలు మా అత్తను ఇప్పటికీ తిడతారు.

ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఎండాకాలంలో నన్ను కొట్టంలోకి పిలిచింది. ఎందుకు నన్నే పిలిచిందో చెప్పలేదు. గొళ్లెం చప్పుడు విని నా కాళ్లు ఆగిపోయాయి. చూసి, "నిన్ను కాల్సనులే, ఇప్పుడు నీ జడ నా సేతికి అందదు" అంది. తొడిమలు తీయడం దగ్గర మొదలుపెట్టించింది. కాయను చెవి దగ్గర పెట్టి విరవాలి, చిటుక్కుమంటే ఎండినట్టు, మెత్తగా వంగితే ఇంకా ఎండలో పడాలన్నట్టు. వేడి కాయలు రోట్లో వేస్తే చెయ్యి మీద కొట్టేది. "సల్లారనీ మే. ఉడుకులో దంచితే నూనె బయటికొచ్చి ముద్దయితాది. నీకు అన్నీ బేగా కావాల." దంచడం అయ్యాక చేతులకు వేరుశనగ నూనె రాసేది, తన చేతులకు కాదు, నా చేతులకు. రాస్తూనే, "మెత్తటి సేతులు. దేనికి పనికొస్తాయో" అనేది.

ఆ రోజుల్లోనే ఒకసారి కాయలు తిప్పడానికి లోపలికి వెళ్లి, నిలబడి పని చేస్తున్నాను. దగ్గు మొదలైంది. కళ్లు కనబడలేదు. అత్త నా భుజం పట్టి కిందికి లాగింది.

"నిలబడి సస్తావేందే? కూసో. పొగ పైకి పోతాది. గాలి నేలకాడ ఉంటాది."

కూర్చున్నాను. నిజంగానే అక్కడ గాలి ఉంది. తలుపు కింద సందులోంచి చల్లగా వస్తోంది. హాయిగా ఊపిరి పీల్చుకుంటూ కూర్చుని, కాసేపటికి ఒక సంగతి గమనించాను. ఈ విషయం ఆమెకు ఇవాళ తెలిసింది కాదు. చిన్నప్పుడు నా జడ పట్టుకుని నిలబెట్టిన రోజు కూడా తెలుసు. తెలిసే నిలబెట్టింది.

దాన్ని ఆమెను అడగడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మొన్నటి క్రిస్మస్ సెలవులకు వచ్చినప్పుడు, మధ్యాహ్నం జామచెట్టు నీడలో ఇద్దరం కూర్చుని తొడిమలు తీస్తున్నాం. ఇంట్లోవాళ్లు నిద్రపోతున్నారు.

"అత్తా, అప్పుడు నాకు పొగ ఎందుకు పెట్టినావ్?"

తల ఎత్తలేదు. "ఎప్పుడు?"

"ప్రార్థనలో నిద్రపోతావని అన్నప్పుడు."

"దానికి కాదు."

"మరి దేనికి?"

కాయ తొడిమ తెంపి పక్కన పడేసింది. "దొరికినావ్, పెట్టినా."

ఆమె ఇంకో కాయ తీసుకుంది. "మా యమ్మ నాకు పెట్టింది. మీ నాయనకు పెట్టల్యా, మొగపిల్లోని కండ్లు పాడయితాయంట. నాకేమో కండ్లు ల్యావన్నట్ల." ఆ తొడిమా తెంపి, "నువ్వు ఏడ్సి ఏడ్సి బయటికొచ్చినాక నాకు ఆ పొద్దు అన్నం బాగ పోయింది" అంది.

నేను మా ఇంట్లో విన్న నిజాల్లో అది ఒక్కటే పూర్తి నిజం. క్షమించమని ఆమె అడగలేదు. నేను క్షమించలేదు. ఇద్దరం గంప నిండేదాకా తొడిమలు తీశాం.

మరి ఈ మనిషికి నేను ఎందుకు రుణపడి ఉన్నానని అడిగితే, ఒక గాజుసీసా గురించి చెబుతాను. నంద్యాలకు వెళ్లే ప్రతిసారీ బస్సు టైముకు ఆ సీసా నా సంచిలోకి తోసేది, పాత గుడ్డలో చుట్టి. "ఆస్టల్లో గంజినీళ్లు తాగి మొగం పాలిపోయింది, ఇది తిని సావు" అని దీవించేది. హాస్టల్ చప్పిడి పప్పులో అర చెంచా పొగకారం, రెండు చుక్కల నూనె. గది అంతా ఆ వాసన నిండేది. పక్క మంచాల అమ్మాయిలు పళ్లాలు పట్టుకుని వచ్చేవాళ్లు. స్కూల్లో ఉద్యోగం వదిలేసి, ఎవరికీ చెప్పక, రోజంతా గదిలో పడుకున్న నాడు నన్ను లేపి కూర్చోబెట్టింది ఆ పొడే. తర్వాత ఇంట్లో సంగతి తెలిసి అందరూ నా మీద పడ్డారు. అత్త మెట్ల మీద కూర్చుని అంతా విని, "అది నచ్చల్యా, ఇడిసిపెట్టింది. మీరంతా నచ్చకపోయినా ఈడనే పడుండారు గదా" అంది. నన్ను వెనకేసుకొచ్చిందో, వాళ్లను కుళ్లబొడిచిందో నాకు తెలియదు. ఆమెకు అవి రెండు పనులు కావనుకుంటాను.

జ్ఞాపకార్థ కూడిక ఆదివారం ఆరాధన తర్వాత మా ఇంటి ముందే జరిగింది. షామియానా వేశారు. అత్త ఫోటో పెద్దది చేయించి కుర్చీలో పెట్టారు. ఫోటోలో ఆమె నవ్వుతోంది. స్టూడియో వాళ్లు సర్దారట. అన్న లేచి సాక్ష్యం చెప్పాడు. "మా అత్త మమ్మల్ని దేవుని భయంలో పెంచింది. మా సెల్లెలు నోటి దురుసుది. ఒకసారి పొగ పెట్టింది సూడండి, అప్పట్నుంచి దారికొచ్చింది." షామియానా కింద నవ్వులు. అమ్మ కూడా నవ్వింది, తల ఊపుతూ.

పాస్టర్ గారు నా వైపు చూశారు. "అక్కగారి దగ్గర పెరిగిన బిడ్డ. నువ్వూ రెండు మాటలు చెప్పమ్మా."

లేచాను. "అత్త నాకు పొగ పెట్టింది. ఎందుకని అడిగితే దొరికినావని చెప్పింది. ఈ ఇంట్లో నాతో అబద్ధం చెప్పనిది ఆమె ఒక్కతే. వందనాలు."

కూర్చున్నాను. అమ్మ నా తొడ గిల్లింది. పాస్టర్ గారు వెంటనే, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నా ఎదురుగా అన్న కూతురు కూడా మూసుకోలేదు. రెండో తరగతి చదువుతోంది. మా ఇద్దరి చూపులూ కలిశాయి.

భోజనాలకు ముందు పిల్లలందరితో ఫోటో దగ్గర పూలు పెట్టిస్తున్నారు. అన్న కూతురి చేతిలో ఒక బంతిపువ్వు పెట్టి, "జేజికి పెట్టు పాపా" అంది అమ్మ. ఈ పాపకు మా అత్త జేజి, అంటే నాయనమ్మ వరస.

"నేను పెట్టను."

"అట్లనకూడదు. పెట్టు."

"పెట్టను. జేజి నాకొద్దు."

అందరూ చూస్తున్నారు. అన్న నవ్వుతూనే వచ్చాడు. "జేజి ల్యాదనుకుంటాండావా? కొట్టం ఉండాది, సూపిస్తా రా" అని పాపను చంకన వేసుకుని పెరట్లోకి నడిచాడు. గొళ్లెం పడిన చప్పుడు నాకు వినబడింది. తిరిగొచ్చి, "నిప్పు ల్యాదులే, ఉత్తుత్తిదే. రెండు నిమిషాలుంటే దారికొస్తాది" అని విస్తరి ముందు కూర్చున్నాడు. కోడికూర వడ్డిస్తున్నారు. పాస్టర్ గారు ముక్క నోట్లో పెట్టుకుని, "ఇది అక్కగారి చేతి కారమే" అన్నారు.

నేను పెరట్లోకి వెళ్లి గొళ్లెం తీసి తలుపు లాగాను.

పాప ఏడవడం లేదు. తలుపు దగ్గర నేల మీద బోర్లా పడుకుని ఉంది. చెంప గడపకు ఆనించి ఉంది. ముక్కు సరిగ్గా తలుపు కింద సందు ఉండే చోట ఉంది. గౌను అంచు గుప్పిట పట్టి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. గుంటలో చల్లారిన బూడిద తప్ప ఏమీ లేదు.

"పొగ ల్యాదు గదా పాపా."

"ఇప్పుడు పెడ్తారు గదత్తా."

"ఇట్ల పండుకోమని ఎవురు సెప్పినారు? జేజి సెప్పిందా?"

కళ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది. "ఎవురూ సెప్పల్యా. గాలి ఈడుంటాది."

ఆ సంగతి నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఒకరు భుజం పట్టి లాగి చెబితే తెలిసింది. ఈ పిల్ల ఎవరూ చెప్పకుండా కనిపెట్టింది. ఒక్కసారి లోపలికి వెళ్తే అది తెలియదు, నాకు తెలియలేదు. పెరట్లో అంట్లు తోమే చోటు అక్కడే ఉంది. అన్న మోటారు సైకిలు కడిగే చోటు కూడా అక్కడే ఉంది. అంతకుముందు ఈ పిల్ల కేకలు ఆ ఇంట్లో అందరూ వినే ఉంటారు. ఎన్నిసార్లని నేను అడగలేదు. నాకు మేనత్త ఆమె, ఈ పిల్లకు మేనత్తను నేను. ఆమె దగ్గర నేను నేర్చుకున్న ఎండాకాలమూ, నంద్యాలలో ఆమె సీసాకారం తిని లేచి కూర్చున్న రోజులూ నిజమే. ఆ సీసా నాకు అందుతున్న రోజుల్లోనే ఈ పిల్ల ఇక్కడ నేల మీద గాలి వెతుక్కుంటోంది. అదీ నిజమే.

పాపను ఎత్తుకుని పోయి నా విస్తట్లోనే అన్నం పెట్టాను. కూర కలపలేదు. పెరుగు పోశాను.

మర్నాడు షామియానా వాళ్లు వెళ్లాక గొడ్డలి తీసుకున్నాను. అది వేపచెక్క తలుపు. లోపలి వైపు ఏళ్ల పొగకు నల్లగా నిగనిగలాడుతోంది. కింది అంచు దగ్గర మాత్రం ఒక జానెడు మేర రంగు పోయి, చెక్క తెల్లగా ఉంది. అక్కడ అరచేతులు, చెంపలు ఆని ఆని అలా అయింది. బందులు ఊడగొట్టి, తలుపును పెరట్లో పడేసి నిలువునా చీల్చాను. చప్పుడుకు అందరూ లేచి వచ్చారు.

"ఏందే ఇది?" అన్నాడు నాయన. "తలుపు ల్యాకుంటే పొగ యాడ నిలుస్తాది?"

"నిలవదు."

"నిలవకుంటే మీ అత్త పొడి ఎట్లొస్తాది?"

"రాదు."

అది అబద్ధం కాదు. తలుపు లేని కొట్టంలో పొగ కాయను పట్టదు, పైపైన తాకి పోతుంది. ఆ పొడి ఇక రాదు. నా సీసాలో అడుగున మిగిలిందే చివరిది. ఈ మాట రాస్తుంటే నాకు బాధగానే ఉంది. గొడ్డలి ఎత్తినప్పుడు మాత్రం చెయ్యి ఆగలేదు.

అన్న నా చేతిలో గొడ్డలి చూసి మెట్ల దగ్గరే ఆగిపోయాడు. "కొట్టం నాకిచ్చినాడు నాయన" అన్నాడు అక్కడి నుంచే.

"వచ్చి తీసుకో" అన్నాను. రాలేదు.

అమ్మ గోడ మీదుగా పక్కింటావిడకు చెబుతోంది: "అత్త పోయినాదని బెంగ పెట్టుకునింది. ఏడిస్తే పోయేది, లోపల పెట్టుకునింది, ఇప్పుడిట్ల తేలింది." మొన్న నాకు గుండె లేదు. ఇప్పుడు అది పగిలిపోయింది. మధ్యలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

తుమ్మ మొద్దులకు బదులు ఆ తలుపు చెక్కలనే కాల్చి నిప్పులు చేశాను. గుంటలో తడి బూడిద ఎత్తిపోసి, నిప్పులు పోసి, ఊక కప్పాను. తట్టికి కొత్త గుంజ కట్టి, అత్త గోనెలో మిగిల్చిపోయిన కాయలు పరిచాను. ముందు తెల్లగా లేచింది. తర్వాత సన్నబడి నీలమైంది. వాకిట్లోంచి బయటికి వచ్చి, జామచెట్టు కింది నుంచి, అత్త ఉన్నన్నాళ్లూ ఎప్పుడూ పోని దారి పట్టి వరండాలోకి పోయింది.

నంద్యాలలో ఉద్యోగం మానేస్తున్నానని ఫోన్ చేసి చెప్పాను. ఇది రాస్తున్నప్పుడు కొట్టం ముందు అత్త పీట మీదే కూర్చుని ఉన్నాను. పాప నా పక్కన పలక మీద ఏదో గీస్తోంది. వరండాలో దగ్గులు వినబడుతున్నాయి. నాయన కుర్చీలోంచి పిలిచాడు.

"తలుపు పెట్టియ్యి మే. కండ్లు మండుతాండాయి. ఊపిరాడల్యా."

"కింద కూసో నాయనా" అన్నాను. "గాలి నేలకాడ ఉంటాది."

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్లు మెల్లగా వంచి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, వరండా బండల మీద కూర్చున్నాడు.

తలుపు పెట్టను.